మా నాలుగు ఊళ్లల్ల పాత పంటల జాతర చేద్దామనుకుంటున్నం, ఏడికెల్లి మొదలుపెట్టాలె?

పరిగి_చెల్క:

నమస్తే అందరికి. జహీరాబాద్ దిక్కు సంక్రాంతి నాడు ఎడ్లబండ్ల మీద పాత రకాల విత్తనాలు పెట్టుకొని ఊరూరికి బయలెల్లే పాత పంటల జాతర గురించి ఇక్కడ చానామందికి ఎరుకే. అదే తీరుగ మా దిక్కు, వికారాబాద్ జిల్లా పరిగి చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కలిసి చిన్నగ చేద్దామని మహిళా సంఘాలల్ల మాట నడుస్తున్నది. అక్కడి లెక్క నెల దినాలు కాదు, ఊరికొక రోజు, మొత్తం నాలుగు రోజులు. ఊరికీ ఊరికీ నడుమ మూడు నుంచి ఆరు కిలోమీటర్లు. రోజుకు మూడొందల మంది వస్తరని అంచనా.

ఇండ్లల్ల అడిగితే జొన్నల్లనే ఐదారు రకాలు తేలినయి. కందులు, అనుములు, బొబ్బర్లు, కొర్రలు, సామలు, కుసుమలు, అవిసెలు అన్నీ కలిపితే నలభై దాక అయితయి. కొన్ని పావుకిలో కూడ లేవు.

సంక్రాంతికి పెట్టుడు మంచిదా, ఏరువాకకా? విత్తనం ఎట్ల పెట్టాలె, ఎంత పెట్టాలె? బండ్లు కట్టుడు అలవాటు తప్పింది, ఏమేం చూసుకోవాలె? బువ్వకు, రొట్టెలకు ఎంత పిండి పట్టియ్యాలె? ఇంకోటి, విత్తనం పంచితే కేసు అయితదని ఒకాయన భయపెట్టిండు, నిజమేనా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

ఈతబుట్ట:

జాతరంటే అందరికి బండ్లు, డప్పులు, పాటలు యాదికొస్తయి. నడిపించేది మాత్రం రిజిస్టరు. ఎవరింట్ల ఏ విత్తనమున్నది, ఎవరు అడిగిండ్రు, ఎంత తీస్కపోయిండ్రు, ఎప్పుడు ఎంత తిరిగియ్యాలె, ఇవి రాయకుంటే అది ఉత్త ఊరేగింపు. జహీరాబాద్ దిక్కు ఇరవై ఏండ్లకు పైగ నడుస్తున్నదంటే దాని ఎనక డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు ఊరూరికి పెట్టుకున్న విత్తన బ్యాంకులున్నయి. సొసైటీ 1983ల మొదలైంది, బ్యాంకులు నిలదొక్కుకున్నంకనే బండ్లు కదిలినయి. మీరు ముందుగాల బండ్లు కడుతున్నరు. తప్పేం లేదు గని ఎనక బ్యాంకు లేకుంటే రెండో ఏడు చూపెట్టనీకి ఏం మిగలదు. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగకైతే పక్షులు వాటంతట అవే వస్తయి, మనుషులు చూసిపోతే చాలు. విత్తనం ఎవరన్న విత్తితేనే మళ్లొస్తది.

ఎప్పుడు పెట్టాలె అన్నదానికి: రెండు సార్లు. సంక్రాంతికి చూపుడు, ఏరువాక ముందు ఇచ్చుడు. జనవరిల వానాకాలం కొర్రలు, సామలు, పెసర్లు ఇంటికొచ్చి ఉంటయి. కంది కోతల మీద ఉంటది. యాసంగి జొన్న, శనగ, కుసుమ చేన్ల నిలబడి ఉంటయి కాబట్టి బుట్టల చూసిన విత్తనం పంట ఎట్లుంటదో పక్క చేన్లకు పోయి చూడొచ్చు. ఈ వీలు జూన్‌ల దొరకదు. గని సంక్రాంతికే విత్తనం చేతిల పెడితే అది ఇంకొకరి ఇంట్ల ఐదు నెలలు ఉండాలె. సగం వండుకుంటరు, సగం పురుగు పడతది. అందుకని జనవరిల పేరు రాసుకోండ్రి. వానాకాలం విత్తనాలు మిరుగు కార్తెకు వారం పది దినాల ముందు ఇయ్యిండ్రి. యాసంగి జొన్న, కుసుమ సెప్టెంబర్ దాక మీ దగ్గర్నే ఉంచుండ్రి.

రిజిస్టరుల ఒక్కో విత్తనానికి ఒక పేజీ. పైన ఊళ్లె పిలిచే పేరు, తెచ్చినామె పేరు, నేల (రేగడా, చెల్కనా), కారు (వానాకాలమా, యాసంగా), ఎన్ని దినాల పంట, దేంతోని కలిపి వేస్తరు, ఎందుకు ఉంచుకున్నరు. ఈ ఆఖరిది తప్పకుండ రాయాలె. "రొట్టె మెత్తగ వస్తది", "సొప్పను పశువులు విడవయి", "పిట్ట ముట్టది" అసుంటి మాటలు. మనుషులు విత్తనం అడిగేది ఆ మాట జూసే. కింద తీసుకున్నోళ్ల పట్టీ.

తిరిగిచ్చుడు కిలోకు కిలోన్నర గానీ, రెండు కిలోలు గానీ పెట్టుకోవచ్చు. రెండే మంచిది. ఒక కిలో బ్యాంకుల ఉంటది, ఇంకో కిలో కొత్తామెకు పోతది. పంట పోతే "పోయింది" అని రాయాలె, పీడించొద్దు. పీడిస్తే వచ్చేసారి ఎవ్వరూ తీసుకోరు. ఉన్నదాంట్ల మూడో వంతు ఎప్పుడూ బయటికి పోవద్దు, అది తల్లి విత్తనం. పావుకిలో కూడ లేని రకాలను ఈ ఏడు పంచొద్దు. చూపెట్టి, ఒక్కామె చేన్ల పెంచి, వచ్చే ఏడు పంచుండ్రి.

మొలకశాతం:

విత్తనం సంగతి నేను చెబుతాను. ఇలాంటి చోట్ల ఎక్కువగా జరిగే పొరపాటు, ఒకే బుట్టను చూపడానికీ పంచడానికీ వాడటం. నాలుగు రోజులు నాలుగు ఊళ్లలో వందల చేతులు పడ్డ బుట్టలో నుంచి విత్తనం ఇవ్వకూడదు. జనం ఒక బుట్టలో గుప్పెడు తీసి చూసి పక్క బుట్టలో పోస్తారు. తెల్ల జొన్నలో పచ్చ జొన్న కలిస్తే ఏరుకోవచ్చు, కొర్రల్లో సామలు కలిస్తే ఏరడం అవదు.

ప్రతి రకాన్నీ మూడు భాగాలు చేయండి. ఒకటి మూత బిగించిన గాజు సీసాలో, 100 నుంచి 200 గ్రాములు, చూడటానికి. రెండోది బుట్టలో, కిలో రెండు కిలోలు, ముట్టుకోవడానికి. జాతర అయ్యాక ఇది వంటకు పోతుంది, విత్తనంగా మళ్లీ వాడొద్దు. మూడోది అసలు విత్తనం, ఇంట్లోనే ఉండాలి, బండి ఎక్కకూడదు. తక్కువగా ఉన్న రకాలకు సీసా ఒక్కటే చాలు.

సీసాలో పోసే ముందు గింజ ఆరిందో లేదో చూడాలి. పంటి కింద పెడితే పటుక్కుమనాలి, నొక్కుకుపోతే పచ్చి ఉన్నట్టే. ఇంకా నమ్మకంగా కావాలంటే పొడి సీసాలో మూడో వంతు గింజలు, రెండు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి, గట్టిగా మూత పెట్టి కుదిపి పావుగంట ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతానికి పైనే ఉన్నట్టు. జొన్న, కొర్ర లాంటివి 12 శాతానికి, పప్పు గింజలు 9 శాతానికి దిగాలి. అంటే ఉప్పు అంటుకోలేదని పెసర్లను వెంటనే నిల్వ పెట్టకూడదు, ఇంకో రెండు ఎండలు తగలాలి. ఎండలో నుంచి తీసి వేడివేడిగా సీసాలో పోస్తే లోపల చెమట పడుతుంది, రెండు రోజులకే ముక్కిపోయిన వాసన వస్తుంది. చల్లారాకే పోయండి.

మొలక పరీక్ష జాతర కంటే ముందే అయిపోవాలి, ఇచ్చే ముందు మే చివర్లో మళ్లీ ఒకసారి. ఏరకుండా, చేతికి వచ్చినట్టుగా 100 గింజలు లెక్కపెట్టి తడి గోనె ముక్కలో పది వరుసలుగా పరిచి చుట్టండి. నీడలో పెట్టి పూటకోసారి నీళ్లు చిలకరించండి. నీళ్లు కారేలా తడిపితే మొలవదు, కుళ్లుతుంది. నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి లెక్కించండి. వేరు, మొలక రెండూ సరిగ్గా ఉన్నవే లెక్క. 75 దాటితే మామూలు మోతాదు. 60 వస్తే విత్తన మోతాదు పావు వంతు పెంచమని చీటీ మీద రాయండి. 50 కంటే తక్కువైతే పంచొద్దు. ఉలవలు, అనుముల్లో కొన్ని గింజలు ఏడు రోజులైనా ఉబ్బకుండా రాయిలా ఉంటాయి. అవి చచ్చినవి కావు, తోలు గట్టిపడింది అంతే. వాటిని విడిగా లెక్కపెట్టండి.

మరో మోసం ఉంది. కొట్లో కొన్న కొర్ర బియ్యం, సామ బియ్యం తెచ్చి విత్తనమని పెడతారు. పొట్టు తీసినది మొలవదు. కొర్ర విత్తనం మెరుస్తూ, గోటితో రుద్దితే పొట్టు ఊడేలా ఉంటుంది. పాలిపోయి మెరుపు లేకుండా ఉంటే అది బియ్యమే.

పెసర్లు, బొబ్బర్లు, కందుల్లో పుచ్చు పురుగు చేనులోనే కాయ మీద గుడ్డు పెట్టి ఇంటికి వస్తుంది. గింజ మీద తెల్లటి చుక్క అంటుకుని కనిపిస్తే అది గుడ్డే, దుమ్ము కాదు. అలాంటి బుట్ట ఒక్కటి బండి మీద ఉంటే నాలుగో ఊరికి చేరేసరికి పక్కవాటికి అంటిస్తుంది. ఇంట్లో ఉంచే పప్పు విత్తనానికి కిలోకు 5 మి.లీ. వేపనూనె పట్టించండి. లేదా జల్లించిన పొయ్యి బూడిద, గింజలు మునిగేంత పోయండి. బూడిద తడిగా ఉంటే మేలు పోయి కీడే అవుతుంది.

ఇరుసు:

బండ్ల ముచ్చట నేను చెప్త. ఎద్దులున్న ఇండ్లు తక్కువైనయి కాబట్టి ముందు లెక్క తీయండ్రి. నాలుగు ఊళ్లకు ఎనిమిది బండ్లు చాలు. పది రకాలకు ఒక బండి చొప్పున విత్తనాలకు నాలుగు, పాత పనిముట్లకు (గొర్రు, గుంటక, దంతె, జడ్డిగం) ఒకటి, ముసలోళ్లకు ఒకటి, సామానుకు రెండు.

జాతర వారం ఉందనంగ బండి కిందికెల్లి చూడాలె. ఇరుసు సీలలు అరిగినయా, చక్రం అంచుకున్న ఇనుప పట్టా వదులైందా. ఎండకు కట్టె ఎండి పట్టా జారుతది. రెండు రోజులు తడి గోనెలు కప్పి ఉంచితే కట్టె ఉబ్బి పట్టుకుంటది. అట్ల గూడ బిగువు రాకుంటే కమ్మరాయన దగ్గర వేడిజేసి ఎక్కియ్యాల్సిందే. ఇరుసుకు గ్రీసు గానీ ఆముదం గానీ పెట్టుండ్రి. టైరు బండ్లైతే గాలి, బేరింగులు చూసుకుంటే అయిపోయింది.

బరువు సర్దుడు అన్నిటికంటె ముఖ్యం. ముందు బరువైతే కాడి ఎద్దుల మెడ మీద కూసుంటది, రెండు కిలోమీటర్లకే మెడ వాస్తది. ఎనక బరువైతే కాడి పైకి లేసి గొంతు కింది పలుపు బిగుస్తది, అది ఇంకా పాడు. ఎద్దులు కట్టంగనే కాడిని అరచేతులతోని పైకి లేపి చూడుండ్రి. ఒక మనిషి కొంచెం కష్టంగ లేపగలిగేంత బరువు ముందు ఉంటే చాలు. ముంతలు, బుట్టలు అలంకారానికని అన్నీ ఎనకకు పేర్చొద్దు. మనుషులు ఎక్కి దిగేటప్పుడు నొగల కింద ఊతకర్ర పెట్టాలె.

నాటు బండి గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు నడుస్తది. మీకు ఊరికీ ఊరికీ ఆరు కిలోమీటర్లే అంటున్నరు, రెండు గంటల తొవ్వ. తార్రోడ్డు మీద నాడాలు లేని ఎద్దులు జారుతయి, గిట్టలు అరుగుతయి, ముందే కొట్టిపియ్యిండ్రి. ఏరువాక ముందర మళ్ల బండ్లు తీస్తమంటే ఎండ సంగతి చూసుకోండ్రి. బండెడ్ల మీద 1965 నాటి కేంద్ర నియమాలున్నయి: ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగటీలి 12 నుంచి 3 దాక కట్టొద్దు, రోజుల 9 గంటలు మించొద్దు, ఒక్కతీరుగ 5 గంటలు మించి నడపొద్దు. డీజే బాక్సు ఎద్దుల దగ్గర వద్దు, బెదిరి కాడి విరుగుతది. డప్పు కూడ బండ్ల ఎనక కాదు, ముందు కొట్టాలె. ఎనక సప్పుడుకే ఎద్దు ఉరుకుతది.

కట్టెలపొయ్యి:

మూడు వందల మందికి నా లెక్క. తలా రెండు జొన్న రొట్టెలు అనుకుంటే 600. రొట్టెకు 60 గ్రాముల పిండి, అంటే 36 కిలోలు, చల్లుడు పిండితో కలిపి 40 పట్టించండి. చెయ్యి తిరిగిన మనిషి ఒక్క పొయ్యి మీద గంటకు 25, 30 రొట్టెలు కాలుస్తుంది. ఎనిమిది పొయ్యిలు పెడితే మూడు గంటల పని. నాలుగు పొయ్యిలతో అవుతుందనుకుంటే మధ్యాహ్నం మూడింటికి కూడా వరుస తరగదు. రొట్టెలు చేసేవాళ్లు ఎనిమిది మంది కాదు, పన్నెండు మంది ఉండాలి. పొగకు, వేడికి గంటన్నరకు ఒకసారి మారాలి.

పిండి రెండు రోజుల ముందు మించి పట్టించొద్దు. జొన్న పిండి పాతబడితే జిగట పోతుంది, రొట్టె అంచులు పగులుతాయి, ఎంత వేడి నీళ్లు పోసినా అతకదు. సజ్జ పిండి ఇంకా తొందరగా చెడిపోతుంది. నూనె శాతం ఎక్కువ కాబట్టి వారంలోపే చేదు తిరుగుతుంది. జాతరలో చేదు రొట్టె తిన్నవాడు సజ్జలే చేదని ప్రచారం చేస్తాడు, ఆ నష్టం పిండి ఖరీదు కంటే ఎక్కువ.

కొర్ర బువ్వకు తలా 60 గ్రాముల చొప్పున 18 కిలోల కొర్ర బియ్యం. మీ కొర్రలే ఆడిస్తామంటే 100 కిలోలకు 60, 65 కిలోల బియ్యం వస్తాయని లెక్కేసి 30 కిలోలు మరకు పంపండి. కనీసం అరగంట నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు. పెద్ద గుండిగలో వండితే అడుగు ముద్దయి పైన పలుకు మిగులుతుంది. అందుకని ఆరేసి కిలోల చొప్పున మూడు గిన్నెల్లో వండండి. కందిపప్పు తలా 30 గ్రాములు, 9 కిలోలు. తాండూరు పక్కనే ఉన్నవాళ్లు పప్పు బయట కొనొద్దు. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కంది అది, జాతరలో దాని పేరు వినబడాలి.

అంబలికి కిలో జొన్న పిండికి పన్నెండు లీటర్లు వస్తుంది, అంటే చిన్న గ్లాసులు 60. అయిదు కిలోలు కాస్తే మూడొందల మందికి సరి. జనవరి చలికి రాత్రి కాచింది తెల్లారేసరికి పులవదు, పొద్దున పదింటి వరకు ఆగాలి లేదా ముందు రోజు మధ్యాహ్నమే కాయాలి. బాగా చల్లారాకే మజ్జిగ కలపండి, వేడి మీద పోస్తే విరుగుతుంది. అల్యూమినియం గిన్నెలో పులియబెట్టొద్దు.

అనంత_అరిక:

అంతా బాగుంది కానీ నలభై రకాలు చూపాలనే ఆరాటం వద్దంటాను. నలభై సీసాలు చూసినోడికి ఒక్కటీ గుర్తుండదు. చేన్లో ఎవరైనా ఇంకా వేస్తున్నవి, పంచడానికి చాలినన్ని ఉన్నవి పన్నెండు తీసుకుని వాటి మీద నిలబడండి. మిగిలినవి ఒక బండిలో సీసాల్లో పెట్టండి, చాలు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. జాతరల్లో యాభై గ్రాముల పొట్లాలు కట్టి వచ్చినోళ్లందరికీ పంచుతారు. అది విత్తనానికి దండగ. ఊరంతా పత్తి వేసిన చోట ఒక్కడే ఒక గుంట భూమిలో (ఎకరంలో నలభయ్యో వంతు) కొర్ర చల్లితే ఊళ్లో పిట్టలన్నీ ఆ గుంట మీదే వాలతాయి. చేతికి వచ్చేది గడ్డి మాత్రమే. సజ్జ, జొన్న కూడా అంతే. "పాత విత్తనం పండదు" అనే మాట చాలా చోట్ల ఇట్లానే పుట్టింది. ఇస్తే పక్కపక్క చేలున్న ముగ్గురు నలుగురికి కలిపి, ఒక్కొక్కరికి పది గుంటలకు తక్కువ కాకుండా ఇవ్వాల. జొన్న కిలో, కొర్ర చల్లేదైతే కిలో, సాలుకైతే అరకిలో. కంది అంతర పంటగా వేసుకుంటే అరకిలో సాలుతుంది.

పక్క చేను పుప్పొడితో రకం కలుషితమయ్యే సంగతి కూడా చెప్పండి. కొర్ర, సామ తమలో తామే గింజ కట్టుకుంటాయి, పక్కన ఇంకో రకం ఉన్నా పెద్దగా చెడవు. సజ్జ పుప్పొడి గాలికి పోతుంది, పక్క చేన్లో హైబ్రిడ్ సజ్జ ఉంటే మీ రకం రెండేళ్లకు మీది కాదు. రెండొందల మీటర్లన్నా ఎడం ఉండాల. కందికి తేనెటీగలు తిరుగుతాయి, జొన్నక్కూడా కొంత కలుస్తుంది. సజ్జ విత్తనం ఒక పెద్ద కంకి నుంచి కాదు, యాభైకి తక్కువ లేకుండా కంకుల నుంచి కలిపి తీయాల. లేకుంటే ఏటికేడు బలం తగ్గుతుంది.

ఈతబుట్ట:

@అనంత_అరిక పొట్లాల ముచ్చట నూటికి నూరు నిజం. పన్నెండు రకాల మాట మాత్రం ఒప్పుకోను. పావుకిలో మిగిలిన రకం ఎవరింట్లనో ఉట్టి మీద ఉంటది, దాన్ని బయటికి తెచ్చుడే జాతర పని. "మా ఇంట్ల గూడ ఇది ఉండె" అని ఇంకో ముసలామె ముందుకొస్తే అదే లాభం. పన్నెండే చూపెడితే ఆ మాట రాదు. పంచనీకి పన్నెండు, చూపనీకి నలభై.

పంచాయతి_కాగితం:

కేసు భయం గురించి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం సెక్షన్ 39 ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. నిషేధం ఒక్కటే: ఆ చట్టం కింద రిజిస్టరై రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి, లేబుల్ వేసి అమ్మకూడదు. అందుకని అచ్చు వేసిన సంచులు, సంఘం లోగో, "నాణ్యమైన విత్తనం" లాంటి రాతలు పెట్టొద్దు. గుడ్డ మూట, చేత్తో రాసిన చీటీ చాలు. కంపెనీ హైబ్రిడ్ పండించి దాని గింజను పాత రకమని ఎవరైనా తెస్తే తీసుకోవద్దు. చట్టం సంగతి పక్కన పెట్టినా, తర్వాతి పంట ఒక తీరుగా రాదు.

రైతు రకాన్ని అదే చట్టం కింద రిజిస్టర్ చేయించడానికి రుసుము లేదు. విత్తనాలు కాపాడిన సముదాయాలకు ఆ చట్టం కింది అథారిటీ ఇచ్చే జీనోమ్ సేవియర్ అవార్డు 10 లక్షలు. దరఖాస్తుకు ఇప్పటి నుంచే మీ రిజిస్టర్ తేదీలతో, సంతకాలతో ఉంటే పనికొస్తుంది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ (ఊళ్లో ఉన్న పంటలు, మొక్కలు, జీవాల పట్టిక) ఉండాలి. పంచాయతీ ఆఫీసులో మీ ఊరిది అడిగి తీయించండి. జాతర రోజున దాన్ని పైకి చదివి, అందులో లేని రకాలు, ఉన్నా ఇప్పుడు లేనివి గుర్తు పెట్టించండి. చాలా చోట్ల పక్క ఊరి పట్టికనే దించి ఉంటారు, చదివితే గంటలో బయటపడుతుంది. మందు మొక్కల వాడకం మాత్రం, చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. మైకుకు పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి పది తర్వాత కట్టేయాలి.

పరిగి_చెల్క:

అందరికి దండాలు. ఒక్కటి మిగిలింది. మా దగ్గర ఆడోళ్లు తుమ్మికూర, దొగ్గలికూర, జొన్న చెంచలి, తగిరంచ అసుంటి చేను కూరలు గూడ పెడదామంటున్నరు. జనవరిల దొరుకుతయా? ఇంకోటి, బడి పిల్లలకు ఏం పని చెప్పాలె?

తుమ్మికూర:

జనవరిల దొరకవమ్మ. తుమ్మి, చెంచలి, దొగ్గలి అన్నీ వాన పడ్డంక లేసేటివి, ఆషాఢం నుంచి భాద్రపదం దాకనే లేతగ ఉంటయి. తుమ్మికూర వినాయక చవితి నాడు వండేది అందుకే. సంక్రాంతికి అడిగితే ఎండు పుల్లలు తెచ్చి పెడ్తరు. నీరు పారే గట్ల పొంటి పొన్నగంటి, గంగవాయిలి ఉంటే ఉండొచ్చు, అంతే. చేను కూరలకు ఆగస్టుల ఒక పొద్దటి పూట వేరే పెట్టుకోండ్రి. బండ్లు అక్కర్లేదు. పదిహేను మంది ఒక చేను చుట్టు నడిచి, ఒక్కో మొక్క వేరుతోని సహ పీకి తడిగుడ్డల చుట్టి తేవాలె, చెట్టు కింద వరుసగ పెట్టి పేర్లు రాయాలె. ఆకు ఒక్కటే తెస్తే గుర్తు పట్టుడు కష్టం. పువ్వు, కాయ ఉన్నదే తేవాలె.

రెండు జాగ్రత్తలు. పత్తి చేన్ల, గడ్డిమందు కొట్టిన గట్ల మీద ఏరొద్దు. గడ్డిమందు కొట్టినంక రెండు మూడు దినాలు మొక్క పచ్చగనే కనబడతది, వండుకుంటే ఒంట్లకు పోయేది మందే. రెండోది, ఉమ్మెత్త మొక్క లేతగ ఉన్నప్పుడు కూరాకు లెక్కనే కొడతది. అందుకని ఏరినదంత ఒక్క దగ్గర పోసి, తెలిసిన ఇద్దరు ఆడోళ్లు ఆకు ఆకు చూసినంకనే పొయ్యి మీదికి పోవాలె. పిల్లలు ఏరింది నేరుగ వండొద్దు.

మొలకశాతం:

పిల్లలకు నా దగ్గర ఒక పని ఉంది. ఇరవై చిన్న గిన్నెల్లో ఇరవై రకాల గింజలు పోసి అంకెలు వేయండి, పేర్లు వద్దు. జట్టుకు అయిదుగురు. ముందు రోజు ఇంట్లో అమ్మమ్మనూ నాయనమ్మనూ అడిగి రావచ్చు. సగానికి సగం తెలిసేవే పెట్టండి, మిగతావాటిలో కొన్ని జంటలు పెట్టండి: కొర్ర–అండుకొర్ర, సామ–ఊద, అవిసె–నువ్వు. నువ్వు, అవిసె తేడా చేతిలో తెలుస్తుంది. అవిసె గింజ నున్నగా జారుతుంది, తడి వేలితో రుద్దితే జిగురు వస్తుంది. ఈ పోటీకి ముట్టుకునే బుట్టల్లోవే వాడండి. పెద్ద పిల్లల చేత 100 గింజల మొలక పరీక్ష చేయించి ఆ అంకెను సీసా చీటీ మీద వాళ్ల చేత్తోనే రాయించండి.

ఈతబుట్ట:

రోజు ఎట్ల నడవాలో కూడ చెప్పి ఊకుంట. బండ్లు సాయంత్రం నాలుగింటికి పాత ఊరి నుంచి కదిలి పొద్దుగూకక ముందే కొత్త ఊరు చేరాలె. చీకట్ల ఊరేగింపు ఫొటోలకు బాగుంటది గని బుట్టలు సర్దేటప్పుడు గింజలు ఒలుకుతయి, చీటీలు మారుతయి. ఊరి బయట ఎదురుకోలు, ఎద్దుల కాళ్లు కడుగుడు, హారతి అయినంక బండ్లు ఒక్క తావునే నిలపాలె. ఆ రాత్రి దించకుండ ఈత బుట్టల మీద దళసరి గుడ్డ, దాని మీద తాటిపత్రి (టార్పాలిన్) కప్పుండ్రి. జనవరి మంచుకు తెల్లారే వరకు గింజ మెత్తబడతది. ఎలుకలకు ఒక మనిషి కావలి ఉండాలె.

తెల్లారి తొమ్మిదింటికి బుట్టలు పరుచుడు. నేల మీద ముగ్గుతోని చేను గీసి సాళ్ల పొంటి గింజలు పోస్తే కలిపి వేసుడు ఎట్లనో చెప్పకుండనే తెలుస్తది: నాలుగు సాళ్లు జొన్న, ఒక సాలు కంది, గట్టు చుట్టు పుంటి (గోంగూర). పది నుంచి పన్నెండు దాక ముచ్చట, ఉపన్యాసాలు వద్దు. ఒక్కో విత్తనం తెచ్చినామె లేసి దాని గురించి మూడు నాలుగు మాటలు చెప్పాలె, గంటల ఇరవై మంది అయితరు. వచ్చిన పెద్దలకు మైకు బువ్వల తర్వాత ఇయ్యిండ్రి. ముందుగాల ఇస్తే ఆడోళ్ల మాటకు టైం ఉండదు.

రిజిస్టరు కాడ ఇద్దరు కూసోవాలె, ఒకరు రాసెటోళ్లు, ఒకరు అడిగెటోళ్లు. పేరు రాసేటప్పుడు భూమి ఎక్కడ, నీ పక్క చేను ఎవరిది, వాళ్లు గూడ వేస్తరా అని అడుగుండ్రి. పైన అనంత అన్న చెప్పిన పిట్టల బాధకు అదే మందు. ఫోన్ నంబరు తీసుకోండ్రి. మే నెల ఆఖరుకు ఫోన్ చేస్తే మూడో వంతు మంది మనసు మార్చుకుంటరు, అందుకని ఉన్న విత్తనం కంటె కొంచెం ఎక్కువ పేర్లే రాసుకోండ్రి.